హోమ్ షెడ్

ఆదోని మీదుగా పోయే మద్రాసు-బొంబాయి లైను చాలా పాతది. అటునుంచి ఒక కంపెనీ, ఇటునుంచి ఒక కంపెనీ వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1871లో రాయచూరులో కలిశాయి. ఆ కాలపు పొగబండి ఇంజన్లు ఎక్కువగా సీమ సరుకే (మన సీమ కాదు లెండి, ఇంగ్లండు!). తర్వాత 1947లో డబ్ల్యూపీ రకం మొదటి 16 ఇంజన్లు అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ నుంచి ఓడెక్కి మన దేశానికొచ్చాయి. పుట్టింది ఎక్కడో, చాకిరీ ఇక్కడ.

ఈ ఇంజన్ల గురించి చదువుతుంటే నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది, 'హోమ్ షెడ్'. ప్రతి ఇంజనుకీ సొంత షెడ్డు ఒకటి ఉండేది. ఎంత దూరం పోయినా అది ఎవరిదో అందరికీ తెలుసు. దారి పొడుగునా నీళ్ళు, బొగ్గు సిద్ధం. రోజులు లెక్కపెట్టి బాయిలరు కడిగేవాళ్ళు. డ్రైవరు పడుకోడానికి రన్నింగ్ రూము.

ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్ని చూడండి. వానలు మోసం చేస్తే సుగ్గికి పోవడమే. ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటేసుకుని, గుంటూరు వైపు మిరప కోతలకి. అక్కడ చేను గట్టున పట్టా కప్పిన గుడిసె. నీళ్ళెక్కడ, మరుగుదొడ్డెక్కడ అని అడిగే నాథుడు లేడు.

ఎమ్మిగనూరుకి రైలొస్తే అంతా బాగుపడుతుందంటారు కొందరు. రావాల్సిందే, కాదనను. కానీ ఆదోనికి నూటయాభై ఏళ్ళుగా రైలుంది కదా, ఆ చుట్టుపక్కల పల్లెలు సుగ్గికి పోవడం మానాయా?

ఇంజను ఖరీదైన ఆస్తి, అందుకే అంత జాగ్రత్త అంటారేమో. సరిగ్గా నా గొడవ కూడా అదే! ఇనుముకి చేసిన ఏర్పాటు మనిషికి చెయ్యలేమా? 2019లో మొదలైన 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పుణ్యమా అని ఏ ఊళ్ళోనైనా బియ్యం తెచ్చుకునే వీలొచ్చింది. ఏ షెడ్డులోనైనా బొగ్గు పోసినట్టే ఇది. మరి బడి? మూడు నెలలు ఊళ్ళో లేని పిల్లాడి పేరు హాజరుపట్టీలో ఉంటుంది, చదువు మాత్రం గట్టు మీదే ఆగిపోతుంది. సీజనల్ హాస్టళ్ళు ఊరు ఖాళీ అయ్యాక కాదు, మొదటి బండి కదలకముందే తెరవాలి. వెంట పోయిన పిల్లలకి అక్కడి బడిలో చోటివ్వాలి.

బ్రాడ్ గేజ్ మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ బళ్ళు 1995 డిసెంబరుతో ఆగిపోయాయి. మిగిలిన కొన్నింటికి రంగులేసి దిమ్మెలెక్కించి ఫొటోలు దిగుతున్నాం. సంతోషమే. సుగ్గి బళ్ళు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటిలో పోయేవాళ్ళ హోమ్ షెడ్ ఎక్కడో మనం మర్చిపోకుండా ఉంటే చాలు.