సేవయా? శిక్షయా?

నెలజీతముపై బ్రతుకు సంసారికి ఖాతాలో సొమ్ము చాలకపోవుట అపూర్వమైన సంగతి కాదు. ఒకటవ తారీఖున రావలసిన జీతము ఆరవ తారీఖున వచ్చును. ఋణపు వాయిదా మాత్రము అయిదవ తారీఖు ఉదయముననే ఖాతా తలుపు తట్టును. సొమ్ము లేదు గనుక వాయిదా కోరిన ఆదేశము వచ్చినదారినే తిరిగిపోవును. జనులు దీనిని 'బౌన్సు' అనుచున్నారు. ఇంతటితో ముగిసినచో మేము ఈ విషయమును పాఠకుల యెదుట పెట్టియుండెడివారము కాము. ఆదేశము తిరిగిపోయినందులకు ఖాతా గల బ్యాంకు రుసుము పుచ్చుకొనును. అనేక బ్యాంకులలో ఇది 250 రూపాయలు మొదలు 500 రూపాయలవరకు గలదు. దానిపై నూటికి 18 చొప్పున పన్ను. అప్పిచ్చిన సంస్థ తన వంతు జరిమానాను వేరుగా వ్రాసికొనును. సొమ్ము లేనివానియొద్ద, సొమ్ము లేదను కారణముననే, సొమ్ము గైకొనుట యన్నమాట!

లెక్క చూతము. వాయిదా 3,000 రూపాయలనుకొందము. ఆదేశము ఒకమారు తిరిగిపోయినచో 500 రూపాయల రుసుము, 90 రూపాయల పన్ను, వెరసి 590. అప్పిచ్చినవాడు ఆ నెలలోనే రెండవమారు ఆదేశమును పంపినచో, అదియు తిరిగిపోయినచో, 1,180. అనగా వాయిదాలో దాదాపు అయిదింట రెండు వంతులు గాలికి పోయినవి. అసలులో ఒక్క పైసయైనను తీరలేదు. ఖాతా శూన్యమైయున్నచో ఈ రుసుము బాకీగా నిలిచి, తరువాత పడిన జీతమునుండి ముందుగా కోయబడును. అందుచేత వచ్చు నెల వాయిదాకును సొమ్ము తక్కువయగును. ఒక బౌన్సు మరియొక బౌన్సును కనుచున్నది. ఇది పొదుపు నేర్పు విధమా? ఊబిలో దిగినవాని భుజముపై బరువు పెట్టు విధమా?

ఈ ఆదేశములు పూర్వము ఇ.సి.యస్. అను పేర నడచెడివి. ఇపుడు నేషనల్ పేమెంట్సు కార్పొరేషను నిర్వహించు 'నాచ్' అను యంత్రాంగము ద్వారా నడచుచున్నవి. 2021 ఆగష్టు 1వ తేదీనుండి దీనికి ఆదివారము లేదు, పండుగ లేదు. మునుపు సెలవుదినము అడ్డుపడి ఒకటి రెండు దినముల గడువు దానంతటదియే దొరకెడిది. ఇపుడా చిన్న ఊరటయు పోయినది. ఇక త్రిప్పిపంపుట కగు శ్రమ యెంత? పూర్వము చెక్కు తిరిగివచ్చినచో గుమాస్తా దానిని పుస్తకములో చూచి, కారణము వ్రాసి, చీటి కుట్టి, తపాలా కట్టెడివాడు. ఇపుడు యంత్రము యంత్రముతో మాటాడును. ఖాతాలో లేదు అని ఒకటి చెప్పును. సరే అని రెండవది వినును. శ్రమ సన్నగిల్లిన కొలదియు రుసుము లావెక్కుట వింతగా నున్నది.

కావున మా ప్రశ్న యొక్కటే. ఈ రుసుము బ్యాంకు చేసిన సేవకు మూల్యమా? ఖాతాదారు చేసిన తప్పునకు దండమా?

ఈ ప్రశ్నను మనకంటె ముందు ఆంగ్లేయ ప్రజలు అడిగిరి. వారి దేశమున ఇట్టి ఆదేశములకు డైరెక్టు డెబిట్టులని పేరు. తిరిగిపోయిన ఒక్కొక్క దానికి ముప్పది పౌనులును అంతకు మించియు కోయుట అచ్చటి బ్యాంకులకు వాడుకయై యుండెను. 2006 ఏప్రిలులో వారి ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ అను ప్రభుత్వశాఖ, క్రెడిట్ కార్డులపై వేయు ఆలస్యపు రుసుము 12 పౌనులు దాటినచో అన్యాయమని తలంతుమని ప్రకటించెను. కార్డునకు అన్యాయమైనది ఖాతాకు న్యాయమెట్లగునని సామాన్యులు తర్కించిరి. తర్కించి యూరకుండలేదు. సమాచారరక్షణ చట్టము క్రింద పది పౌనులు చెల్లించి తమ ఖాతాల పాత లెక్కలను తెప్పించుకొనిరి. కాలదోష చట్టము అనుమతించిన ఆరేండ్ల రుసుములను వరుసగా కూడిరి. బ్యాంకునకు ఉత్తరము వ్రాసిరి. బదులు రానిచో చిన్న వ్యాజ్యముల కోర్టు కెక్కిరి. వకీలు లేడు, సభ లేదు, ఊరేగింపు లేదు. వంటయింటి బల్లపై కలము పట్టిన గృహిణులును కార్మికులును మహాబ్యాంకులకు శ్రీముఖములు పంపిరి. పెక్కు బ్యాంకులు విచారణదినమునకు ముందే సొమ్ము చెల్లించి వ్యాజ్యములు ముగించుకొనెను. విచారణకు నిలిచినచో ఆదేశమును త్రిప్పిపంపుటకు తమకగు నిజవ్యయ మెంతో న్యాయాధిపతి యెదుట చెప్పవలసివచ్చును గదా!

ఈ వెల్లువను ఆపుటకు 2007 జులైలో ఒక నమూనా వ్యాజ్యము దాఖలైనది. ఒకవైపున పైన చెప్పిన ప్రభుత్వశాఖ. రెండవవైపున ఏడు బ్యాంకులు, ఒక బిల్డింగు సొసైటీ. అది తేలువరకు తక్కిన వ్యాజ్యములు నిలిచిపోయినవి. 2008 ఏప్రిలులో హైకోర్టు రెండు మాటలు చెప్పెను: తాను పరిశీలించిన నిబంధనలనుబట్టి ఇవి ఒప్పందభంగమునకు విధించిన దండనలు కావు, అయినను న్యాయాన్యాయముల విచారణకు లోబడును. 2009 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఈ రెండవ మాటను నిలిపెను. 2009 నవంబరు 25న సుప్రీముకోర్టు అయిదుగురు న్యాయమూర్తులును ఏకకంఠముగా దానిని త్రోసివేసిరి. బ్యాంకు ఇచ్చు సేవలన్నియు కలిసి ఒక మూటయట. ఈ రుసుములు ఆ మూట వెలలో భాగమట. వెల తగినదా కాదా యని 1999 నాటి నియమముల క్రింద విచారింపరాదట. రుసుములు న్యాయమైనవని మాత్రము వారు చెప్పలేదు. ఆ భేదమును వకీళ్లు గ్రహించిరి. సొమ్ము పోయిన బీదవానికి దానివలన ఒరిగినదేమియు లేదు.

ఆ తీర్పులో మేము మరువలేని దొక అంకె గలదు. వ్యక్తిగత ఖాతాలవలన బ్యాంకులకు వచ్చు రాబడిలో ఇంచుమించు మూడవవంతు ఇట్టి రుసుములదే. 2006లో ఆ రాబడి మొత్తము 830 కోట్ల పౌనులు కాగా అందు 260 కోట్లు సొమ్ము చాలని ఖాతాలనుండి వచ్చినదని ఆ ప్రభుత్వశాఖయే 2008లో లెక్క చూపెను. నిలువ గలవానికి ఖాతా ఉచితము. ఆ యుచితమునకు మూల్యము చెల్లించువాడు నిలువ లేనివాడు. సంపన్నుని భోజనపు ఖర్చు పస్తున్నవాని పద్దులో వ్రాయుట! దీనిని న్యాయమూర్తులు వెల యనిరి. మేము మరియొక పేరు పెట్టుదుము.

కోర్టులో ఓడిన పక్షము పదేండ్లకు వేరుదారిన నెగ్గినది. 2020 ఏప్రిలు 6 నుండి అచ్చటి ఆర్థికవ్యవహార నియంత్రణ సంస్థ, నిలువకు మించి వాడుకొనుటపై నిర్ణీత రుసుములను నిషేధించెను. త్రిప్పిపంపిన చెల్లింపుపై వేయు రుసుము నిజమైన వ్యయమునకు తగియుండవలెనని స్పష్టపరచెను. ఆ వెంటనే పెక్కు బ్యాంకులు అట్టి అప్పులపై వడ్డీని నూటికి 40 దరిదాపునకు ఎత్తినవను సంగతియు దాచరాదు. ఒక చేత విడిచినదానిని మరియొక చేత పట్టజూచుట బ్యాంకులకు జన్మగుణము. అయినను అది వడ్డీయని పేరు పెట్టుకొని వచ్చినది. వాడుకొన్న సొమ్మునుబట్టి, దినములనుబట్టి లెక్కకు వచ్చినది.

ఇక మన సంగతి. ఆంగ్లేయుల న్యాయశాస్త్రమున దండన వేరు, ముందుగా అంచనా కట్టిన నష్టపరిహారము వేరు. ఆ భేదము చుట్టును వారి వకీళ్లు ప్రదక్షిణములు చేయుచుందురు. మన 1872 నాటి ఒప్పందముల చట్టము 74వ సెక్షను ఆ చిక్కును ఒక్క వ్రేటున తెంపినది. ఒప్పందములో ఎంత మొత్తము వ్రాసికొన్నను, నష్టపడినవానికి చెల్లునది సమంజసమైన పరిహారమే. వ్రాసిన మొత్తము దానికి గరిష్ఠపరిమితి మాత్రమే. 1963లో మన సుప్రీముకోర్టు దీనిని స్పష్టముగా వివరించినది. తమ యింట లేని నీతిని పాలకులు మనకు వ్రాసియిచ్చి పోయిరనుట విచిత్రముగా నుండవచ్చును. చేతికి వచ్చినదానిని వాడుకొనకుండుట అంతకంటె విచిత్రము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును చూడుడు. నష్టమునకు పూర్తిగా మించిన దండనను వినియోగదారునిపై మోపు ఒప్పందము 'అన్యాయపుటొప్పంద'మని అది నిర్వచించినది.

బ్యాంకు వకీలు వెంటనే లేచి, ఇది దండన కాదు, సేవకు మూల్యమని ఆంగ్లేయ తీర్పును చదువును. సేవయే యైనచో, ఏ సేవ? ఖాతాదారు కోరినది చెల్లింపు. బ్యాంకు చేసినది చెల్లింపకపోవుట. కోరిన పని చేయనందులకు కూలి యడుగు కూలివానిని మేమింతవరకు చూడలేదు. దండనయే యైనచో పన్ను ఏల? 2022 ఆగష్టులో కేంద్రప్రభుత్వపు పరోక్షపన్నుల బోర్డు ఒక సర్క్యులరులో, చెక్కు తిరిగిపోయినందులకు వ్యాపారిగాని బ్యాంకుగాని విధించు మొత్తము దండనయేగాని సేవామూల్యము కాదనియు, దానిపై జి.యస్.టి. చెల్లదనియు చెప్పినది. చెక్కును గూర్చిన మాట ఎలక్ట్రానిక్ ఆదేశమునకు వర్తింపదా? పన్ను వేయునపుడు సేవ, ప్రశ్నించునపుడు వెల, ఖాతాదారును బెదరించునపుడు క్రమశిక్షణ! ఒక్క రుసుమునకు మూడు వేషములు.

రిజర్వు బ్యాంకు ఏమియు చేయలేదనము. రుసుముల సమంజసత్వమును పరిశీలింప 2006లో ఒక సంఘమును నియమించినది. కనీస నిలువ లేదని వేయు రుసుము కారణముగా పొదుపు ఖాతా శూన్యమునకు దిగువకు పోరాదని 2014లో ఉత్తరువు చేసినది. 2023 ఆగష్టు 18న అప్పిచ్చు సంస్థలకు దండనరుసుములు సమంజసముగా నుండవలెనని, వానిపై మరల వడ్డీ కట్టరాదని, వానిని రాబడి పెంచుకొను సాధనముగా వాడరాదని చెప్పినది. చాల మంచి మాట. కాని అది అప్పిచ్చినవానికి చెప్పిన మాట. ఖాతా పట్టియున్న బ్యాంకునకు ఆ గీత ఏల గీయరాదు? ఒకే వాయిదా, ఒకే లోటు. ఒకవైపున నీతి, మరియొకవైపున స్వేచ్ఛ!

రుసుములేనిచో జనులు బాధ్యత మరతురని కొందరు పెద్దలు చెప్పుచున్నారు. బాధ్యత నేర్పు ఉపకరణములు ఇప్పటికే చాలినన్ని గలవు. వాయిదా తప్పినచో పరపతి లెక్కలలో మచ్చ పడును. 2007 నాటి చెల్లింపు వ్యవస్థల చట్టము 25వ సెక్షను క్రింద, సొమ్ము చాలక ఎలక్ట్రానిక్ ఆదేశము తిరిగిపోయిన పిమ్మట నోటీసు అందిన 15 దినములలో చెల్లింపనిచో, రెండేండ్ల వరకు ఖైదుకైనను, మొత్తమునకు రెట్టింపు జరిమానాకైనను అవకాశము గలదు. చెరసాల భయము చాలని చోట 590 రూపాయలు నీతిని బోధించునా?

ఇపుడు సొమ్ము పోగొట్టుకొన్నవారు చేయదగిన దేమి? మొదట ఖాతా నివేదికను తీసి, ఆదేశము ఏ దినమున, ఎన్నిమారులు, ఎంత మొత్తమునకు వచ్చినదో చూచుకొనవలెను. సొమ్ము ఉండగా తిరిగిపోయినను, రద్దు చేసిన ఆదేశము వచ్చినను, తీరిన అప్పునకు మరల వచ్చినను, మొత్తము తప్పుగా వచ్చినను తప్పు మీది కాదు. రుసుము తిరిగి యడుగుట యాచన కాదు, హక్కు. శాఖకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు నిచ్చి రసీదు పుచ్చుకొనుడు. 30 దినములలో బదులు రానిచో, వచ్చిన బదులు సమ్మతము కానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు ఖర్చు లేకుండ వ్రాసికొనవచ్చును. కాని రుసుము మొత్తమే అన్యాయమని వాదించువారికి ఆ ద్వారము ఇరుకు. బ్యాంకుల వాణిజ్యనిర్ణయములపై ఫిర్యాదులు చెల్లవని 2021 నాటి అంబుడ్స్‌మను విధానమున వ్రాసిరి. అన్యాయపుటొప్పందమని వాదింపవలెనన్న జిల్లా కమిషను చాలదు, రాష్ట్ర కమిషనునకు పోవలెను. 590 రూపాయలకై శ్రీకాకుళమునుండిగాని ఆదిలాబాదునుండిగాని రాజధానికి ఎవరు పోవుదురు? ప్రయాణపు శ్రమయే రుసుమును మించును. ఈ సంగతి బ్యాంకులు ఎరుగనివి కావు.

అందుచేతనే ఒంటరి వ్యాజ్యములతో ఇది తీరదు. ఒకే బాధగల పెక్కుమంది కలిసి ఒక్క ఫిర్యాదు చేయుటకు అదే చట్టము 35వ సెక్షను అవకాశ మిచ్చినది. మన వినియోగదారుల సంఘములు, ఉద్యోగసంఘములు, ఆటోకార్మిక సంఘములు తమ సభ్యుల ఖాతానివేదికలను సేకరించినచో ఒక మాసములో బలమైన దస్త్రము తయారగును. కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థ యెదుటను అదే దస్త్రమును పెట్టవచ్చును. న్యాయవాదవృత్తిలోనున్న యువకులు ఈ పనికి ముందుకు రావలెనని మేము కోరుచున్నాము.

రిజర్వు బ్యాంకునకు మా మనవి స్వల్పము. ఒక వాయిదాకు ఎన్నిమారులు ఆదేశము పంపినను ఒక్క రుసుమే చెల్లవలెను. ఆ రుసుమువలన ఖాతా శూన్యమునకు దిగువకు పోరాదు. ఆదేశము వచ్చుటకు ముందుదినమున ఖాతాదారునకు వార్త అందవలెను. కార్డులపై మరల మరల వచ్చు చెల్లింపులకు ఈ నియమము 2021 అక్టోబరునుండియే అమలులోనికి వచ్చినది గదా! ఇక బ్యాంకులు లెక్కలు వ్రాయుటయందు ఆరితేరినవి. ఈ పద్దుక్రింద ఏడాదికి వచ్చినదెంత, ఒక్కొక్క ఆదేశమును త్రిప్పిపంపుటకైన వ్యయమెంత, ఈ రెండంకెలను ప్రతి బ్యాంకును తన వార్షికనివేదికలో ప్రక్కప్రక్కన అచ్చొత్తవలెనని వచ్చు సంవత్సరమునుండియే ఉత్తరువు చేయవలెను.