మందు కలిపితే చాలదు, కొళాయి దాకా చేరాలి

2021 నవంబరు వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి సంపు నేలను చీల్చుకుని పైకి లేచింది. సిమెంటు ఒరలు పేర్చి కట్టిన సంపు అది. శుభ్రం చేద్దామని నీళ్లు తోడేసరికి లోపల బరువు తగ్గింది, చుట్టూ ఊరిన భూగర్భజలం దాన్ని పైకి నెట్టింది. వింత చూడటానికి జనం బారులు కట్టారు. భయపడాల్సిన సంగతి ఇంకొకటుంది. ఒరకూ ఒరకూ మధ్య సందు ఉంటే, పక్క కాలువలోని మురుగు సంపులో కలవడానికి వరదే రానక్కర్లేదు.

ఇలా కలిసే మురుగులోని క్రిములను చంపాల్సింది నీళ్లలో కలిపే క్లోరిన్ మందే. తిరుపతికి కల్యాణి డ్యాం నుంచీ, కండలేరు నుంచి తెలుగుగంగ ద్వారానూ నీళ్లొస్తాయి. వడపోసి, క్లోరిన్ కలిపి ఊళ్లోకి వదులుతారు. అంతటితో పని అయిపోయిందనుకోవడమే పొరపాటు. క్లోరిన్ దారిపొడవునా ఖర్చవుతుంది. గొట్టంలో పేరుకున్న పాచి కొంత తింటుంది, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున ఉన్న బురద కొంత తింటుంది. అందుకే తాగునీటి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ నీళ్లలో మిగిలి ఉండాలంటుంది. మిగలాల్సింది తాగేవాళ్ల ఇంటి దగ్గర. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధుల్లో ఇది ఇంకా ముఖ్యం. ఖాళీ గొట్టంలో ఒత్తిడి ఉండదు, చిల్లు ఉన్నచోటల్లా బయటి నీరు లోపలికి దిగుతుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ, 2018లో గుంటూరులోనూ ప్రాణాలు తీసింది తాగునీటి గొట్టంలో కలిసిన మురుగే.

క్లోరిన్ కోసం ట్యాంకుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ సంగతి మరీ బాధాకరం. తాజా పొడిలో మూడో వంతు దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. మూతి కట్టని బస్తాను రేకుల షెడ్డులో, మన ఎండల్లో, నెలల తరబడి ఉంచితే ఆ క్లోరిన్ ఎగిరిపోతుంది. వెయ్యి లీటర్లకు ఒక గ్రాము క్లోరిన్ వేయాలంటే తాజా పొడి 3 గ్రాములు చాలు. బలం సగానికి పడిపోయిన పొడి 6 గ్రాములు కావాలి. బస్తాను పరీక్షించకుండా పాత లెక్క ప్రకారం వేస్తే రిజిస్టరు నిండుతుంది, క్రిములు బతికే ఉంటాయి. వేసిన వెంటనే నీళ్లు వదలడమూ తప్పే, కనీసం అరగంట ఆగాలి. మురికి కాలువల గట్ల మీద తెల్లటి గీతలు గీయడానికి పోసే పొడిని ట్యాంకుల కోసం దాచుకోవడం మేలు. ఆ చెత్తలో, ఆ బురదలో పడిన క్లోరిన్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది.

క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుందన్న భయం గాలిలోంచి పుట్టింది కాదు. ఆకులలములు కుళ్లిన నీళ్లలో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం వంటివి తయారవుతాయని 1974లో నెదర్లాండ్స్ రసాయనవేత్త యోహానెస్ రూక్ చూపించాడు. దానికి విరుగుడు ముందు బాగా వడపోయడం. మందే మానేయడం కాదు. ఆ ముప్పు దూరానిది, చిన్నదీ. కలరా, విరేచనాలు రేపటికే మంచాన పడేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా ఇదే.

మందు వాసన పడక చాలామంది క్యాన్ నీళ్లకు మళ్లారు. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లకు అది అవసరమే. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ మిగలదు. క్యాను సరిగా కడగకపోతే, మూత తీసి మగ్గు ముంచితే, లోపల చేరిన క్రిమిని ఆపేదేదీ లేదు. చిత్తూరు వీధుల్లో తిరిగే ట్యాంకర్లకూ ఇదే వర్తిస్తుంది. బోరు నుంచి నేరుగా నింపుకొచ్చే ట్యాంకరులో ఎవరో ఒకరు మందు కలపాలి, ఎవరో ఒకరు కొలవాలి.

కొలవడం కష్టం కాదు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్‌ను పట్టిచ్చే డీపీడీ బిళ్ల వేస్తే, క్లోరిన్ ఉన్నచోట గులాబీ రంగు తేలుతుంది. ఎంతుందో ఆ రంగును బట్టే తెలుస్తుంది. వార్డు సచివాలయంలో నీటి సరఫరా చూసే సౌకర్యాల కార్యదర్శి ఉంటారు. ఆ ఉద్యోగి నీళ్లొచ్చే రోజు గొట్టం చివరి ఇంటి కొళాయి దగ్గర పరీక్ష చేసి, వచ్చిన అంకెను సచివాలయం గోడ మీద రాయాలి. అంకె 0.2 కంటే తగ్గితే ఆ వీధి గొట్టాన్ని తవ్వి చూసే బాధ్యత నగరపాలక సంస్థది. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఈ పని వచ్చే వానలకు ముందే మొదలుకావాలి.