పెళ్ళికి తగ్గిన బరువు

శ్రావణమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, మన ఫోన్లలో డైట్ చార్టులు తిరుగుతాయి. "పెళ్ళికి నెలే ఉంది వదినా, ఎనిమిది కేజీలు తగ్గాలి" అని ఒకరు. "నేను మూడు రోజులు కీరా రసమే" అని ఇంకొకరు. తగ్గుతారు, పట్టుచీరలో ఫొటోలు దిగుతారు. దసరా నాటికి ఆ ఎనిమిదీ, పైన ఇంకో రెండూ వచ్చి కూర్చుంటాయి. కార్తీకంలో ఇంకో పెళ్ళి, మళ్ళీ కీరా!

నాకు ఒళ్ళు మండేది దీన్ని "ఆరోగ్యం కోసం" అన్నప్పుడు. కాదండీ, చూసేవాళ్ళ కళ్ళ కోసం. ఆరోగ్యం కోసమే అయితే బీపీ మిషన్ మామగారి మంచం పక్కనే ఎందుకుంటుంది? కడుపుతో ఉన్నప్పుడు తప్ప ఆ పట్టీ మన చేతికి ఎవరైనా చుట్టారా?

బరువుకీ బీపీకీ లంకె గట్టిదే. ఒళ్ళు పెరిగితే గుండె ఎక్కువ రక్తం తోయాలి, కిడ్నీలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. కేజీ తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. కేజీ తిరిగొస్తే ఆ పాయింటూ తిరిగి ఎక్కుతుంది. ఫొటోలో సన్నగా ఉన్నామని అది మనల్ని మన్నించదు.

అమెరికాలో 1989లో నర్సుల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. అందులో బీపీ తెచ్చిపెట్టింది తగ్గి పెరగడం కాదు, మొత్తంమీద పెరిగిన బరువే అని తేలింది. "చూశావా, మరేం ఫరవాలేదుగా" అంటుంది మా ఆడపడుచు. ఎలా ఫరవాలేదమ్మా? అదే నర్సుల్లో మాటిమాటికీ బాగా తగ్గి పెరిగినవాళ్ళే చివరికి ఎక్కువ బరువెక్కారు. దొడ్డిదారిన వచ్చినా బీపీ బీపీయే.

తగ్గొద్దు అనట్లేదు. నెలకి ఒకటో రెండో కేజీలు, అదీ నిలబడేలా తగ్గండి. ఇంకో మాట. మనం పొయ్యి దగ్గర నిలబడి అందరికీ వడియాలు వేయించి, మనం మాత్రం కీరా ముక్కలు నమలడం డైట్ కాదు, శిక్ష. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచా, ఆవకాయా అప్పడమూ అన్నీ కలిపి. అది ఇంటిల్లిపాదికీ తగ్గాలి. "ఈ పప్పు చప్పగా ఉంది" అని సణిగే మగవాళ్ళకి కూడా.

బీపీ 140/90 దాటినా చాలామందికి ఏ నొప్పీ తెలియదు. అందుకే ఈ ఆదివారం మామగారి మిషన్ అడిగి తెచ్చుకోండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి, ఎవరు పిలిచినా లేవకండి. వచ్చిన అంకె పాలవాడి లెక్క పక్కనే క్యాలెండర్ మీద రాయండి.