ఇన్షా అల్లాహ్ అన్నాక...



మా చండ్రుగొండ అడవి అంచున ఉంటుంది. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఈ చుట్టుపక్కల తెలుగు, కోయ, లంబాడీ, ఉర్దూ అన్నీ చెవిన పడతాయి. ఆ షోర్‌తో నాకు పేచీ లేదు, అది బతుకు చప్పుడు. నా ఫికర్ మన నాలుకల మీద ఉన్న షోర్ గురించి.

"ఇన్షా అల్లాహ్" అనే మాటే తీసుకోండి. అప్పు ఎప్పుడు తీరుస్తావంటే ఇన్షా అల్లాహ్. పెళ్లికి వస్తావా అంటే ఇన్షా అల్లాహ్. అడిగినవాడికి అర్థమైపోతుంది, రాడని. పిల్లలూ పసిగట్టేశారు: అబ్బా ఇన్షా అల్లాహ్ అన్నారంటే సైకిల్ లేనట్టే! నా కోషిష్ అంతా నేను చేస్తాను, జరగడం మాత్రం అల్లాహ్ మర్జీ అని చెప్పే మాట అది. దాన్ని మనం మర్యాదగా తప్పించుకునే సాకు చేసుకున్నాం. హిక్మత్ రోజూ నోట్లో నానుతూనే ఉంది, మనమే వినడం లేదు.

ఖుర్ఆన్‌లో 31వ సూరా లుఖ్మాన్. అల్లాహ్ ఆయనకు హిక్మత్ ఇచ్చాడు. ఆయన కొడుక్కి చేసిన నసీహత్ చూడండి: షిర్క్ చెయ్యకు, నమాజ్ ఖాయం చెయ్యి, సబర్ పట్టు, జనం ముందు మొహం తిప్పుకోకు, గొంతు తగ్గించు. ఇందులో అర్థం కాని ఫల్సఫా ఏదీ లేదు. ఇంట్లో తండ్రి "బేటా" అని పిలిచి చెప్పే మాటలే.

మరి మన ఇంటి మాట ఏది? చాలా ఇళ్లలో తెలుగు. పిల్లలు అరబ్బీలో తిలావత్ చేస్తారు, అది సవాబ్, షక్ లేదు. జుమ్మా బయాన్ ఉర్దూలో సాగుతుంది. తెలుగు, ఇంగ్లీష్ మీడియం పిల్లాడు ఫ్యాన్ వంక చూస్తూ కూర్చుంటాడు. బయటికొచ్చి ఫోన్ తీస్తే అరనిమిషం వీడియోలో ఎవరో అరుస్తూ దీన్ చెబుతుంటాడు, తెలుగులో! అర్థమయ్యేది అదే కనుక దాన్నే నమ్ముతాడు. ఫాసిఖ్ ఎవరైనా ఖబర్ తెస్తే తహ్‌ఖీఖ్ చేసుకోమని 49వ సూరా హుజురాత్‌లో హుకుం ఉంది. ఆ సంగతి వాడికి తెలిసిన జబాన్‌లో ఎవరు చెప్పారు? ఇక మన ఆడవాళ్లలో చాలామందికి ఆ బయాన్ కూడా దక్కదు.

"తెలుగు వస్తే ఉర్దూ పోతుంది, ఉర్దూ పోతే మన పహెచాన్ పోతుంది" అంటారు బుజుర్గులు. ఆ దర్ద్ నాకు తెలుసు. నేను చదివింది ఉర్దూ మీడియంలోనే. నిజాం కాలంలో అది సర్కారీ జబాన్. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. కానీ ఉర్దూకు ఆ ఇజ్జత్ ఎలా వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. ఢిల్లీలో షా వలీఉల్లాహ్ ఖుర్ఆన్‌ను ఫార్సీలోకి తర్జుమా చేశారు. ఆయన కొడుకు షా అబ్దుల్ ఖాదిర్ 1790 ప్రాంతంలో ఉర్దూలోకి తెచ్చారు, మామూలు జనానికి అందాలని. తెలుగులో ఆ పని 1920ల్లోనే మొదలైంది, చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు, ముస్లిమేతరులు. ఆ తర్వాత మన ఆలిములూ చేశారు. తర్జుమాలు అల్మారాల్లోకి వచ్చాయి, మింబర్ దాకా రాలేదు. ప్రతి రసూల్‌ను ఆ ఖౌమ్ జబాన్‌లోనే పంపామని, వాళ్లకు విప్పి చెప్పడానికేనని, సూరా ఇబ్రాహీం 4వ ఆయత్ అంటోంది. ఇంతకన్నా దలీల్ ఏం కావాలి?

ఉర్దూను తీసెయ్యమని నేననడం లేదు. బయాన్ చివర పది నిమిషాలు తెలుగులో ఖులాసా చెప్పండి. ఇంట్లో మగ్రిబ్ తర్వాత ఫోన్లు పక్కన పెట్టి, ఒక్క ఆయత్ చదివి, దాని మాయనా తెలుగులో చెప్పుకోండి. అమ్మీ, దాదీ, పిల్లలు అందరూ కూర్చోవాలి. ఉర్దూ పిల్లలకు విడిగా నేర్పుదాం, ప్రేమతో.

మస్జిద్ కమిటీ పెద్దలు దీనికి "ఇన్షా అల్లాహ్" అంటే చాలా ఖుషీ. ఏ జుమ్మా నుంచో కూడా చెప్పాలని మాత్రం నా గుజారిష్.