తుక్కు రాయితీ ఎవరి జేబులకు పోతది?

మొన్న మన గ్రూపుల ఒక తమ్ముడు రాసిండు: "పాత బండి తుక్కుకిచ్చి కొత్తది కొంటే సర్కారు రాయితీ ఇస్తది, కంపెనీలు నడుస్తయి, కొలువులొస్తయి" అని. సగం నిజమే. మిగిలిన సగం మాట్లాడుకుందాం.

2009 మాంద్యంలో అమెరికా ఇదే పని చేసింది. పాత కారు తెచ్చినోళ్లకు 3,500 నుంచి 4,500 డాలర్ల దాకా ఇచ్చింది. 300 కోట్ల డాలర్లు కొన్ని వారాల్లోనే ఒడిసినయి. నడిచే ఇంజిన్లల్ల రసాయనం పోసి మరీ చంపేసిన్రు, మళ్లీ ఎవ్వరూ వాడుకోకుండ. అమ్మకాలు ఒక్కసారిగ లేచినయి, తర్వాతి నెలల్లో పడ్డయి. ఎట్లయినా కొనేటోళ్లే జర ముందుగాల కొన్నరన్నమాట. సెకండ్ హ్యాండ్ కారు కోసం చూసే పేదోనికి మాత్రం ఉన్న బండ్లు తగ్గినయి.

మన దేశంల 2021 ఆగస్టులో కేంద్రం తుక్కు విధానం మొదలుపెట్టింది. తుక్కు సర్టిఫికెట్ చూపిస్తే కొత్త బండి పన్నుల రాయితీ: సొంత కారుకు 25 శాతం దాకా, కిరాయికి తిప్పే బండికి 15 శాతం దాకా. మళ్లొక్కసారి చదవండి. ఇంటి ముంగట పెట్టుకునే కారుకు ఎక్కువ, బండి మీద బతికేటోనికి తక్కువ! పైగా 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బైక్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000కి, కారుకైతే 600 నుంచి 5,000కి పెంచిన్రు.

మన కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద తండాలల్ల షోరూం గడప తొక్కేటోళ్లు ఎంతమంది? చెరుకు కొట్టనీకి కర్ణాటక పోయొచ్చినోళ్లు మిగిలిన పైసలతో కొనేది ఇద్దరు ముగ్గురి చేతులు మారిన ఆటోనో, జీపో. గవి తుక్కుకు పోతే మిగిలిన పాతబండి ధర పెరుగుతది. కొత్తదానికి ఫైనాన్స్ కిస్తీ మనోళ్లు మోయలేరు.

అట్లని డొక్కు బండ్లే నడవాలె అంటలేను. బ్రేకు పడని జీపుల పిల్లల్ని కుక్కి బడికి పంపుడు ఎవరికి ఇష్టం? పొగ కూడా మనమే పీలుస్తున్నం. కానీ రాయితీ ఇచ్చేదుంటే తిరగేసి ఇయ్యాలె: కిరాయి బండికి 25, సొంత కారుకు 15. ఇంకో మాట. ట్రైకార్ సబ్సిడీ లోన్‌కు మన పోరగాళ్లు దరఖాస్తు పెడుతుంటరు కదా, పాత ఆటో తుక్కుకిచ్చినోనికి ఆ సర్టిఫికెట్‌నే డౌన్ పేమెంట్ కింద లెక్కగట్టాలె. ఖేడ్‌ల ఈసారి ప్రజావాణికి పోయేటోళ్లు ఈ రెండు డిమాండ్లు రాసి ఇయ్యుండ్రి. కాగితం నేను తయారు చేస్త.