ఒత్తిడి తొలగినా మెదడులో మిగిలే ముద్ర

పట్టాలపై ఒక ప్రాణం పోవడాన్ని ఇంజిన్ గదిలో నుంచి చూసిన లోకో పైలట్‌కు వైద్యుని అవసరం ఎప్పుడు ఎక్కువ? ఆ రాత్రేనని ఎవరైనా అనుకుంటారు. ఆగ్నేయ రైల్వేకు కీలక కేంద్రమైన ఖరగ్‌పూర్‌లో, మలంచా వంటి నివాస ప్రాంతాల్లోని రైల్వే కుటుంబాలకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. నాడీశాస్త్రవేత్త సుమంత్ర చటర్జీ, ఆయన సహచరులు వెలువరించిన పరిశోధనా పత్రాలు దీనికి భిన్నమైన సమాధానాన్ని సూచిస్తున్నాయి.

బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో చిరకాలం పనిచేసిన చటర్జీ, అనంతరం కోల్‌కతాలో టీసీజీ క్రెస్ట్ సంస్థకు చెందిన 'చింతా' అనే నాడీశాస్త్ర కేంద్రానికి సారథ్యం వహించారు. బెంగాలీలో ఆ మాటకు ప్రధానార్థం ఆలోచన. తెలుగువారికి మాత్రం అది దిగులు. ఆయన పరిశోధనకు రెండర్థాలూ సరిపోతాయి.

2002లో 'జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్'లో వెలువడిన పత్రం ఈ కృషిలో తొలి మైలురాయి. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు ఎలుకలను కదలకుండా నిర్బంధించినపుడు, జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్‌లో నాడీకణాల శాఖలు కుదించుకుపోయాయి. భయోద్వేగాలకు స్థానమైన అమిగ్డాలాలో అవే శాఖలు పెరిగాయి. ఒకే ఒత్తిడి ఒకచోట క్షీణతను, మరొకచోట వృద్ధిని కలిగించిందన్నమాట. 2004 నాటి పత్రం మరో అడుగు ముందుకు వేసింది. ఇరవై ఒక్క రోజులు ఒత్తిడి లేకుండా ఉంచిన తరువాత హిప్పోకాంపస్ కోలుకుంది. అమిగ్డాలాలో పెరుగుదల, దానితో వచ్చిన ఆందోళన మాత్రం తగ్గలేదు.

అన్నింటికంటె ఆలోచింపజేసేది 2005లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ప్రచురితమైన అధ్యయనం. ఈసారి ఎలుకలను ఒకే ఒక్కసారి, రెండు గంటలు మాత్రమే ఒత్తిడికి గురిచేశారు. మరునాడు పరిశీలిస్తే అమిగ్డాలాలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పది రోజుల తరువాత చూస్తే నాడీకణాల మధ్య సంధానానికి తోడ్పడే సూక్ష్మమైన ముళ్లవంటి నిర్మాణాలు పెరిగాయి, ఆందోళన లక్షణాలూ బయటపడ్డాయి. ఒత్తిడికి ముందే సంబంధిత హార్మోన్ ఇచ్చిన ఎలుకల్లో ఈ ఆలస్యపు ప్రభావాన్ని నిరోధించగలిగినట్లు ఇదే బృందం తదనంతరం ప్రకటించింది. ఒత్తిడి హార్మోన్ అంటే హానికరమేనన్న సాధారణ భావనకు ఇది విరుద్ధం.

ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా ఆపాదించడం శాస్త్రసమ్మతం కాదు. అయినా మనోవైద్యుల అనుభవం ఇదే దిశలో ఉంది. తీవ్ర సంఘటన అనంతరం కలిగే మానసిక రుగ్మతను నిర్ధారించాలంటే లక్షణాలు నెల రోజులకు మించి కొనసాగాలి. కొందరిలో అవి నెలల తరువాత గాని పూర్తిగా వ్యక్తం కావు.

ఈ దృష్టితో చూస్తే రైల్వే విశ్రాంతి నిబంధనల పరిమితి స్పష్టమవుతుంది. 2005 నాటి నిబంధనల ప్రకారం రన్నింగ్ సిబ్బందికి నెలలో 30 గంటల చొప్పున నాలుగు, లేదా 22 గంటల చొప్పున ఐదు విశ్రాంతి విరామాలు లభించాలి. ఇవి అలసటకు వేసిన లెక్కలు. అవి అవసరమే, అమలు కావలసినవే. అయితే దుర్ఘటన జరిగిన మరునాడు ప్రశాంతంగా మాట్లాడిన ఉద్యోగి పదో రోజున నిద్ర పట్టక సతమతమైతే, దాన్ని పసిగట్టే పని గంటల లెక్కకు సాధ్యం కాదు. అందుకు రెండు వారాలకు ఒకసారి, నెలకు మరొకసారి పలకరించే వైద్య వ్యవస్థ కావాలి. కంటిచూపును నిర్ణీత కాలాల్లో పరీక్షించే యంత్రాంగానికి ఇది అలవి కాని భారమేమీ కాదు.

ఆ పలకరింపు ఏ భాషలో జరగాలన్నదీ ముఖ్యమే. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వారసులు ఖరగ్‌పూర్‌లో గణనీయంగా ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వడానికి వారి ఉనికే కారణం. బెంగాలీలోనో హిందీలోనో డ్యూటీ చేసే వ్యక్తి భయాన్ని చెప్పుకొనేటపుడు ఇంటి మాటనే వెతుక్కుంటాడు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా లభిస్తోంది. అందుబాటులో ఉన్న భాషల్లో తెలుగు కూడా ఒకటి.