ఒకే బావి, రెండు తీర్పులు: బోగోలు తీరంలో భూగర్భజల నాణ్యతా నిర్ధారణ

భూగర్భజల నమూనాలను విశ్లేషించి, వాటిని ‘యోగ్యం’, ‘అయోగ్యం’ అని విభజించి నివేదికను ముగించడం పరిపాటి అయింది. నెల్లూరు జిల్లా బోగోలు వంటి తీర మండలానికి ఈ పద్ధతి చాలదు. ఒకే బావి నీరు ఇంటికీ, పొలానికీ వెళ్లే చోట కొలబద్దలు రెండు. అవి కొన్నిసార్లు పరస్పర విరుద్ధం కూడా.

తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 నిర్దేశిస్తుంది. వేరే నీటి వనరు లేకపోయినా ఇందులో సడలింపు లేదు. పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని ఇది తగ్గిస్తుంది. అదే నైట్రేటు పైరుకు ఎరువు. బైకార్బొనేటు విషయం దీనికి తలక్రిందులు. కాల్షియం, మెగ్నీషియం తక్కువగా, సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు చక్కగా ఉడుకుతుంది, సబ్బు నురుగునిస్తుంది. అయితే అవశేష సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీటిని ఏళ్ల తరబడి పారిస్తే బంకనేల బిగిసిపోయి నీరు ఇంకదు. రుచిని బట్టి సాగునీటిని ఎంచుకునే రైతు మోసపోయేది ఇక్కడే.

అమెరికా లవణీయతా ప్రయోగశాల 1954 నాటి వర్గీకరణలో విద్యుద్వాహకత సెంటీమీటరుకు 2250 మైక్రోమోలు దాటితే ‘అత్యధిక లవణీయత’. ఆ వర్గంలో పడిన నీటిని తోసిపుచ్చడం సులువు. కాని తీరపు ఇసుక నేలలో లవణాలు వర్షానికి త్వరగా దిగువకు కొట్టుకుపోతాయి. సరుగుడు, కొబ్బరి అటువంటి నీటిని కొంతవరకు ఓర్చుకుంటాయి, నిమ్మ ఓర్చుకోదు. నేలను, పంటను పేర్కొనని వర్గీకరణ విస్తరణ శాస్త్రవేత్తకు ఉపయోగపడదు.

అన్నిటికంటె పెద్ద లోపం నమూనాల కాలానిది. జిల్లా వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాల వల్ల కురుస్తుంది. నైరుతి పంచాంగాన్ని పట్టుకొని నవంబరులో తీసిన నమూనాకు ‘వర్షానంతర’ మని పేరు పెట్టడం ఇక్కడ చెల్లదు. అప్పటికి వాన నడుస్తూనే ఉంటుంది. జనవరి, మే, సెప్టెంబరు నెలాఖరులు ఇంతకంటె నమ్మదగిన సమయాలు.

లోతును నమోదు చేయని నమూనా సగం నమూనాయే. ఘైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం ప్రకారం, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే దిగువన సుమారు 40 మీటర్ల మంచినీటి పొర ఉంటుంది. మట్టం ఒక మీటరు పడిపోతే క్రింది ఉప్పునీరు కాలక్రమేణా అంత ఎత్తుకు రాగలదు. జువ్వలదిన్నె వంటి తీరగ్రామాల్లో ఒకే తోటలోని దొరువు నీరు తియ్యగా, లోతైన బోరు నీరు ఉప్పగా ఉంటే ఆశ్చర్యం లేదు. బాపట్లలోని లవణజల పరిశోధన పథకం ఈ దొరువునే మెరుగుపరచి, భూమిలో పరచిన రంధ్రాల గొట్టాలతో పైపొర మంచినీటిని మాత్రమే సేకరించే పద్ధతిని రైతులకు అందించింది. ఏ లోతు నీరు ఎటువంటిదో తెలియకుండా అటువంటి సలహా ఇవ్వడం సాధ్యం కాదు.

దొరువు తెరిచి ఉన్న గుంట. అందులోని నీరు రసాయనికంగా ఎంత నిర్మలమైనదైనా, సూక్ష్మజీవుల పరీక్ష లేనిదే తాగవచ్చునని చెప్పరాదు. ఆ పరీక్ష జరగనప్పుడు నివేదికలో తాగునీటి గడిని ఖాళీగా విడిచి, నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపవలసిందిగా వ్రాయడమే సరియైన పని.